బండికి బ్యాటరీ, డ్రైవర్‌కు బ్యాటరీ

మేఘంలో మెరుపును దాచినవాడు, చీకటిని ఒక్క మాటతో చీల్చినవాడు అయిన నా దేవునికి స్తోత్రం. అడవిలోకి నడిపించిందీ ఆయనే, ఒళ్లు చెడకుండా తిరిగి తెచ్చిందీ ఆయనే. ముందు ఆయనకు మహిమ. నా సంగతి తర్వాత.

జూలైలో క్యాంపుకు చేరాను. గోదావరి వంతెన దాటి, భద్రాచలం దాటి, నది వెంట పైకి పోయి, అక్కడి నుంచి అడవిలోకి మట్టిబాట. ఉదయం పదకొండింటికి లారీ దింపింది. ముసురు. చుట్టూ టేకు, తునికి చెట్లు. ముళ్లకంచె, ఇసుక బస్తాల గోడ, రేకుల షెడ్లు, మధ్యలో ఎర్రమట్టి మైదానం. నా దగ్గర రైఫిల్, రెయిన్‌కోటు, దోమతెర, పరిశుద్ధ గ్రంథం. మా ఎర్రుపాలెంలో నన్ను మిలిట్రీ అంటారు. అప్పట్లో నేను కేంద్ర పోలీసు బలగంలో డ్రైవర్‌ని.

నాకు దవాఖానా బండి అప్పగించారు. వెనుక స్ట్రెచర్ బిగించిన జీపు. పక్కనే రేషన్ బండి, అదే రకం జీపు. దాని డ్రైవర్‌ది అశ్వారావుపేట. సర్వీసులో నాకంటే చాలా చిన్న. పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ తోలి, తర్వాత బలగంలో చేరినవాడు. అతను నవ్వితే క్యాంపంతా నవ్వేది. వంటవాడు అతనికి అడగకుండానే రెండో గరిటె పప్పు వేసేవాడు. నాకు అడిగినా ఒకటే.

పొద్దున లేవగానే మోకరించేవాణ్ని. ప్రార్థన కాగానే బానెట్ ఎత్తేవాణ్ని. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పూసిన చిలుమును వేడినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వాజలిన్ రాసేవాణ్ని. మూతలు విప్పి, లోపలి పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసేవాణ్ని. బోరు నీళ్లు ఒక్క చుక్క పోయలేదు. రేషన్ డ్రైవర్ బానెట్ ముట్టుకోగా నేను చూడలేదు. అయినా తాళం తిప్పితే అతని బండి ఒక్క అరుపుతో లేచేది. నాది పాతబడిన బ్యాటరీ. మూలిగి మూలిగి లేచేది.

"అన్నా, నీ బండి గూడ పొద్దుగాల ప్రార్థన చేస్తదా ఏంది? గంతసేపు గొణుగుతది!" అన్నాడతను ఒకరోజు.

"నీ బండికి భక్తి లేదు తమ్మీ. అందుకే ఎగిరెగిరి పడతది," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికే తుడిచిన బ్యాటరీ కొసలను మాత్రం మధ్యాహ్నం దాకా మళ్లీ మళ్లీ తుడిచాను.

ఆగస్టులో అతని జీపు రాళ్లబాటలో ఎగిరిపడి బ్యాటరీ డబ్బా చీలింది. ఆసిడ్ కారిపోయింది. ఎలాగూ నాదీ మార్చాలి కనుక రెండు తెప్పించమన్నాడు కంపెనీ కమాండర్. వైర్‌లెస్ అబ్బాయి సెట్టు అందుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

"రేషన్ బండికి బ్యాటరీ ఒకటి. దవాఖానా బండి డ్రైవర్‌కు బ్యాటరీ ఒకటి. ఓవర్."

"రాసుకున్న. పంపుతం. ఓవర్." అవతలివాడూ తెలుగువాడే.

శనివారం సామాన్ల లారీ వచ్చింది. రేషన్ బండికి బరువైన పెట్టె. నాకు మూరెడు పొట్లం. విప్పితే టార్చిలైటు. మన దగ్గర టార్చిలైటును కూడా బ్యాటరీ అనే అంటాం కదా! బండికి అడిగితే బండిది పంపారు. డ్రైవర్‌కు అడిగితే చేతిలో పట్టుకునేది పంపారు.

వైర్‌లెస్ అబ్బాయి తల పట్టుకున్నాడు. "నా నోట్ల మన్ను వడ! ఒక్క మాట తేడా అన్నా!"

"ఏం గాదన్నా," అన్నాడు రేషన్ డ్రైవర్. "బానెట్ లేపి లోపలికి లైట్ కొట్టు. నీ బండి సిగ్గుపడి లేస్తది."

కమాండర్ దగ్గరికి వెళ్లాను. "సార్, కొత్తది నా బండికి పెట్టియ్యండి. అతను మోసేది ఆలుగడ్డలు. నేను మోసేది మనుషులను."

"రేషన్ రోజూ దేవాలె గదనయ్యా. మళ్ల లారీ వచ్చేదాంక ఎట్లనో నడిపియ్," అన్నాడాయన.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నర. వాన. జ్వరంతో పడుకున్న వంటవాడికి ఫిట్స్ వచ్చాయి. నోట్లో నురగ. మందులిచ్చే నర్సింగ్ జవాను పరుగెత్తుకొచ్చాడు. "సార్, మలేరియా తలకెక్కినట్టున్నది. జల్దీ భద్రాచలం దవాఖానాకు వోవాలె. ఆలస్యమైతే దక్కడు."

వంటవాణ్ని నా జీపు వెనుక స్ట్రెచర్ మీద పడుకోబెట్టాం. నర్సింగ్ జవాను పక్కన కూర్చున్నాడు. తాళం తిప్పాను. టిక్. మళ్లీ తిప్పాను. టిక్. నలుగురు నెట్టారు. చక్రాలు బురదలో దిగబడ్డాయి.

అప్పటికే రేషన్ డ్రైవర్ తన బానెట్ ఎత్తి కొత్త బ్యాటరీ విప్పుతున్నాడు. నేను నాది విప్పాను. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. అతను కొత్తది తెచ్చి నా బండిలో దించాడు. ముందు పాజిటివ్, తర్వాత నెగెటివ్. చేతులు తగిలాయి. అతను తాళం తిప్పాడు. ఒక్క అరుపు. నా చేతి కింద ఆ బండి ఎన్నడూ అలా అరవలేదు.

నా పాత బ్యాటరీని దారికి అడ్డం లేకుండా ఎత్తుకున్నాను. దాన్ని ఇంకా దించకముందే కమాండర్ నన్ను ఆపాడు.

"నువ్వాగు. తమ్మీ, నువ్వే తోలు. బురదల ట్రాక్టర్ తోలినోనివి."

"సార్, అది నా బండి."

"తెల్సు. టైం లేదు."

బండి బురదలోంచి లేచి బాటెక్కింది.

ఐదింటికి వైర్‌లెస్ పలికింది. "సూది ఇచ్చిన్రు. పానం దక్కింది. ఓవర్." నిలబడ్డవాళ్లందరిలో పెద్దగా స్తోత్రం అన్నది నేనే. అది నిజమైన స్తోత్రమే. అదే ఊపిరితో, ఆ తాళం నా చేతిలో ఎందుకు ఉంచలేదని కూడా దేవుణ్ని అడిగాను. ఆ రాత్రి బండి తిరిగి రాగానే అందరూ రేషన్ డ్రైవర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేనూ ఒక భుజం పట్టాను. బరువుగా ఉన్నాడు.

మరుసటి వేసవిలో క్యాంపు వదిలాను. ఆ తర్వాత సర్వీసు ముగిసి ఇంటికొచ్చాను. ఇప్పుడు కిరాయికి కారు తోలుతున్నాను. వంటవాడు పండక్కి ఫోన్ చేస్తాడు. "ముందు తమ్మికి చేసిన, తర్వాత నీకే అన్నా," అంటాడు. సంతోషమే అంటాను.

అడవి చాలావరకు మరిచిపోయాను. ఒక్కటి పోదు. వానలో నా జీపు వెనుక అద్దం దూరమవుతూ ఉంటుంది. అద్దంలోంచి నా సీటులో ఇంకొకరి వీపు. నేను మైదానం మధ్యలో, చచ్చిన బ్యాటరీని చంటిపిల్లలా రొమ్ముకు హత్తుకుని నిలబడి ఉంటాను. బండిలోంచి ఎవరూ వెనక్కి చూడరు.

ఇది చదివినవాళ్లు కాసేపు నాతో మోకరించండి. వంటవాడి ఆయుష్షు కోసం అడుగుదాం. అతన్ని వానలో మోసుకుపోయిన డ్రైవర్ కోసం కూడా అడుగుదాం. ఆ రెండో మనిషి దగ్గర నా ప్రార్థన ఆగుతుంది. అక్కడ మీరు అందుకోండి.