పగిలిన ఫిల్టర్

ప్రేమ్‌సింగ్‌ది కొడకండ్ల దగ్గర తండా. భూపాలపల్లిల ఒక ఫొటో స్టూడియోల కొలువు. బొగ్గు దుమ్ము అక్కడ ఎవ్వర్నీ వదలదు. ఒకనాడు లెన్సు మీది దుమ్మును అంగీ కొసతో తుడుస్తుంటే, కంప్యూటర్ ముందు పెండ్లి ఆల్బమ్‌లు చేసే తనూజ, స్టూడియో యజమాని బిడ్డ, కసిరింది.

"ఏందది ప్రేమ్! గీతలు పడ్తయ్. గీ ఫిల్టర్ బిగించుకో. పోతే గిది పోతది, లెన్సు దక్కుతది."

పల్చటి గాజుబిళ్ళ. ఆమే లెన్సు ముందర పెట్టి మర తిప్పింది. పెండ్లి పందిట్ల లైట్లు ఎదురుంగ ఉంటే మాత్రం తీసెయ్యాలట, లేకుంటే ఫొటోల ఒక దీపానికి రెండు దీపాలు పడ్తయట. చెప్పుకుంట నవ్వింది. ఆ నవ్వు చూసిన కాన్నుంచి ప్రేమ్‌సింగ్ మనసు మనసుల లేదు. అయినా నోరిప్పలే. తానేమో తండా పిలగాడు, వాళ్ళేమో భూములున్నోళ్ళు. అంతట్ల జనగామల టీచరు ఉద్యోగమొస్తే ఆమె అక్కడికి పోయింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు బందు. కార్మికుల ఊరేగింపుకు ఎదురుంగ నిలబడి ఫొటోలు తీస్తుంటే, తోపులాటల ఏడికెల్లో ఒక రాయి వచ్చి కెమెరాకు తగిలింది. గాజు పగిలిన చప్పుడుకు లెన్సే పోయిందనుకున్నడు ప్రేమ్‌సింగ్. గని కార్మికుడు పోశాలు అతన్ని గోడచాటుకు గుంజిండు.

"దెబ్బ తగిలిందా తమ్మీ?"

"నాకు గాదన్నా, దీనికి."

సొట్టపోయిన ఫిల్టర్ అంచుకు రబ్బరు బ్యాండు చుట్టి మెల్లగ తిప్పితే ఊడొచ్చింది. లోపల లెన్సు కడిగిన ముత్యం లెక్కుంది.

తనూజకు ఈ సంగతి ఫోన్ల చెప్పబుద్ధి కాలే. బస్సుల్లేవు. లారీలు ఆపుకుంట, ఆటోలెక్కుకుంట జనగామ చేరిండు. తనూజ టీచర్ల దీక్షా శిబిరంల కూసోనుంది.

"ప్రేమ్! గింత దూరం ఎట్లొచ్చినవ్?"

రాయి సంగతి చెప్పిండు. ఆమె మొఖం తెల్లబోయింది. "నీకేం కాలే గద?"

లెన్సు ఊసే ఎత్తలేదు. ఆ ఒక్క మాటకు ప్రేమ్‌సింగ్ మనసుల మాట నాలిక దాకా వచ్చి ఆగింది.

"ఒక ఫొటో తీస్కుంటా" అన్నడు.

"నన్నొక్కదాన్నా? అందర్ని తియ్యి" అని పక్కనున్నోళ్ళను దగ్గరికి జరుపుకుంది. తీసిండు. మల్ల లారీ ఎక్కిండు.

తెలంగాణ వచ్చిన్నాడు ప్రేమ్‌సింగ్ మానుకోటల అక్క ఇంటికాడ ఉన్నడు. డప్పుల మోత, గులాల్, ఎవర్ని చూసినా నవ్వే. అప్పటికే తనూజ పెండ్లయి హైదరాబాద్ పోయింది. అయినా అతని కెమెరా ఒక్కో ఆడమనిషి మొఖం మీద జరసేపు ఆగి, ముందుకు పోతుంది.

"ఎవర్ని దేవులాడుతున్నవ్ రా?" అడిగింది అక్క బుచ్చి.

"ఎవర్ని లేదక్కా" అని ప్రేమ్‌సింగ్ కెమెరాను మల్ల కంటికి ఆనించుకున్నడు.