తల తిప్పని ఫ్యానూ, వసూలు బాలకిషనూ

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి నాలుగు అడుగులు వేస్తే శ్యామ్‌సుందర్ సేఠ్ దుకాణం వచ్చేది. ఫ్యాన్లు, రేడియోలు, కుట్టుమిషన్లు అక్కడ వాయిదాల మీద దొరికేవి. సరుకు ఇచ్చేటప్పుడు సేఠ్ స్వయంగా గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి, రెండు చేతులా అందించి, పిల్లల చదువుల గురించి వాకబు చేసి మరీ సాగనంపేవాడు. ఆ తర్వాత వాయిదాలు అడగడానికి బాలకిషన్ వెళ్ళేవాడు. ప్రేమ సేఠ్‌ది, తిరుగుడు బాలకిషన్‌ది. ఈ ఏర్పాటు మీద దుకాణం ఏళ్ళ తరబడి చల్లగా నడిచింది.

బాలకిషన్‌కు యాభై దాటాయి. ఒక మోకాలు ఉద్యోగం చేస్తుంటే రెండోది సెలవులో ఉండేది. ఒకప్పుడు నల్లగా ఉండి, ఇప్పుడు తన రంగేమిటో తానే మరిచిపోయిన షేర్వానీ, నెత్తిన టోపీ, ఒకే చక్రానికి బ్రేకు పట్టే సైకిలు, ఇవీ ఆయన సరంజామా. అప్పులు వసూలు చేసేవాడికి ఉండాల్సిన మీసం గాని, గొంతు గాని ఆయనకు లేవు. గుమ్మం ముందు నిలబడి ఒకసారి దగ్గేవాడు. ఇంటాయన బయటికొస్తే, బాకీ పడ్డది తానే అన్నంత దిగులుగా తల దించుకునేవాడు. ఆ దిగులు చూడలేక సగం మంది కట్టేసేవారు.

ఆయన తండ్రి ఏదో నవాబు దేవిడీలో లెక్కలు రాసినవాడు. కొడుక్కి ఆస్తిపాస్తులేమీ ఇవ్వలేదు గాని, ఒక నియమం మాత్రం ఇచ్చిపోయాడు. ఎవరింట్లో చాయ్ నీళ్ళు తాగితే ఆ పూట ఆ గడపలో పైసలు అడగరాదు. ఇంటి ఆడవాళ్ళు ప్రేమతో ఇస్తే కాదని లేవరాదు. వసూలు పనిలో ఈ నియమం పెద్ద అడ్డు కాలేదు. బాకీదార్లెవరూ సాధారణంగా చాయ్ ఇవ్వరు కదా.

ఇలా ఉండగా సోమయాజులు గారి ఫ్యాను వచ్చిపడింది.

సోమయాజులు గారు రాష్ట్రం ఏర్పడ్డ ఏడాది కర్నూలు నుంచి ఆఫీసు బీరువాలతో పాటు హైదరాబాదు చేరిన గుంటూరు మనిషి. బషీర్‌బాగ్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. నాంపల్లి స్టేషను వెనక గల్లీలో రెండు గదుల కాపురం. ఆయన చేతికి కాగితం అందితే అది ఎవరిదన్న ప్రశ్న లేదు. అంకెలన్నీ సరిచూసి, తప్పుంటే కొట్టేసి, పక్కన సరైనది వేసి, కింద సంతకం, తేదీ పెట్టేవారు. పాలవాడి చీటీలు, మంగలి దుకాణం గోడ మీద ధరల పట్టీ, పొరుగింటి వారి పెళ్ళి శుభలేఖ, అన్నీ ఆయన సంతకంతో పావనమైనవే. శుభలేఖలో ముహూర్తం గంటలు తప్పుపడ్డాయని ఆయన దిద్దిన మాట నిజమే గాని, పెళ్ళివారు ఇప్పటికీ ఆయనతో సరిగా మాట్లాడరు.

అటువంటి మనిషి నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, గజగజ వణికే జనవరి చలిలో, సేఠ్ స్టాలు ముందు ఆగి టేబుల్ ఫ్యాను కొన్నారు. చలికాలంలో ఫ్యాను చవక అని ఆయన లెక్క. ఆ లెక్క సరైనదే. వేసవిదాకా అట్టపెట్టె విప్పనవసరం లేదన్నది రెండో లెక్క. అది మాత్రం సరికాలేదు. ఏప్రిల్‌లో విప్పి చూస్తే ఫ్యాను తిరిగింది, గాలి వచ్చింది, తల మాత్రం తిప్పలేదు. ఎటు పెడితే అటే చూస్తూ, ఒక్కరికే గాలి వేసి, మిగతా కుటుంబాన్ని గాలికి వదిలేసింది. సోమయాజులు గారు సేఠ్‌కు ఉత్తరం రాశారు. జవాబు లేదు. గుర్తుచేస్తూ మరోటి రాశారు. దానికీ లేదు. అప్పుడు, ఫ్యాను తల తిప్పేదాకా వాయిదా కట్టేది లేదని తీర్మానించి, ఆ తీర్మానం కూడా రిజిస్టరు పోస్టులో పంపారు. కట్టాల్సిన ఎనభై రూపాయలు అక్కడే ఆగిపోయాయి.

ఇది బాలకిషన్ దిగులుకు లొంగే బాకీ కాదని సేఠ్ మొదట గొంతున్న ఒక వసూలు మనిషిని పంపాడు, అతను వచ్చి అరిచాడు. సోమయాజులు గారు అతని మాటల్లో తప్పులు చెప్పి పంపారు. రెండోవాడు పొద్దున్నే వచ్చి గల్లీ అంతా వినేలా సైకిలు గంట మోగించేవాడు. పిల్లలు బడికి టైమైందని గబగబా తయారయ్యేవారు, అంతకుమించి ఫలితం లేదు. చివరికి సేఠ్ బాలకిషన్‌ను పిలిచాడు.

"గా నాంపల్లి ఫ్యాన్ సంగతి జర చూడు బాలకిషన్," అన్నాడు. "ఆఖరి వాయిదా కట్టి వచ్చే సోమవారానికి మూడేండ్లు నిండుతయ్. మూడేండ్లు దాటితే కోర్టుల చెల్లదు, బాకీ సచ్చినట్టే. వకీలును పెడ్దామంటే ఆయన ఫీజుతోని ఇంకో ఫ్యాను వస్తది. పైసలన్న తే, లేకుంటే బాకీ ఉన్నదని ఆయన సంతకమన్న తే. మళ్ళ మూడేండ్లు బతుకుతది."

"తెస్త సేఠ్."

"తేకపోతే మా మేనల్లుడున్నడు. చిన్నోడు, గట్టి గొంతు. నువ్వు బేగంబజార్ గోడౌన్ల కూసుందువు గాని."

గోడౌన్‌లో కూర్చునే పని ఎవరికీ ఉండదని ఇద్దరికీ తెలుసు. అక్కడ పెట్టెలు మోయాలి. బాలకిషన్ సెలవులో ఉన్న మోకాలిని ఒకసారి తడిమి చూసుకుని సైకిలెక్కాడు.

నాంపల్లిలో ఆయన దగ్గితే తలుపు తీసింది సుబ్బరత్నమ్మ. ఆవిడ ఇంటి ఇల్లాలు. ఆవిడ ధర్మశాస్త్రం కూడా చిన్నదే: గుమ్మంలోకొచ్చిన మనిషి కాఫీ తాగకుండా పోకూడదు. వచ్చినవాడు చుట్టమా, పోస్టుమానా, అప్పులవాడా అన్న విచారణ అందులో లేదు.

"వారింకా ఆఫీసు నుంచి రాలేదు అన్నయ్యగారూ. కూర్చోండి, డికాషన్ దిగింది," అందావిడ.

బాలకిషన్ నోరు తెరిచేలోపు ఇత్తడి గ్లాసు చేతికొచ్చింది. నురగ, పరిమళం, వేడి. తాగాడు. అయిదు నిమిషాల్లో సోమయాజులు గారు వచ్చారు. బాలకిషన్ లేచి నమస్కారం పెట్టి, వానలెట్లా ఉన్నయో అడిగి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వచ్చినవాడెవరో సోమయాజులు గారికి బోధపడలేదు. మర్యాదస్తుడని మాత్రం నోరారా మెచ్చుకున్నారు.

మర్నాడు బాలకిషన్ జాగ్రత్తపడ్డాడు. "ఇయ్యాల మంగళవారం ఒక్కపొద్దమ్మా," అన్నాడు. పాలు, అరటిపళ్ళు వచ్చాయి. ఆ తర్వాత రోజు డాక్టరు కాఫీ మానెయ్యమన్నాడని చెప్పాడు. మజ్జిగ వచ్చింది, అందులో అల్లం, కరివేపాకు. ఇంకోరోజు లోపలికి రాకుండా గల్లీలో సైకిలు పట్టుకు నిలబడ్డాడు. సుబ్బరత్నమ్మ ప్రహరీ మీద గ్లాసు పెట్టి, "చల్లారిపోతోంది అన్నయ్యగారూ," అని తలుపు చాటున నిలబడింది. ఆయన చాయ్ తప్ప మరేదీ తాగనని అబద్ధమాడితే, పాపం, ఎన్నడూ పెట్టని చాయ్ కూడా పెట్టింది. అది తాగడం ఆయన వృత్తి జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని.

ఇంటికొచ్చి భార్య అహల్యతో మొరపెట్టుకున్నాడు. ఆవిడ జొన్నరొట్టె తడుతూ వింది.

"ఇంతకూ ఇన్నిరోజుల్ల ఒక్కసారన్న అడిగినవా?"

"ఏడ అడుగుడు? ఆమె గ్లాసు వట్టుకొని ముందే నిలవడ్తది."

"మంచిగున్నది. ఎనభై రూపాయలు రావాలె, రోజుకో కాఫీ పోసి వాళ్ళే నీ తాన వసూలు చేస్తున్నట్టున్నది," అంది అహల్య. "ఆయన ఇల్లిడిసి బయటికి పోడా? గాడ పట్టుకో."

మరునాడు ఆదివారం. గడువు తెల్లవారితే ముగుస్తుంది. సోమయాజులు గారు ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల దగ్గర కూర్చుని, కొనకుండా చదివి వస్తారని బాలకిషన్ తెలుసుకున్నాడు. అక్కడ కాఫీ లేదు, గడప లేదు, సుబ్బరత్నమ్మ లేదు. ధర్మసంకటం లేని చోటు ఆ ఊళ్ళో అదొక్కటే.

సోమయాజులు గారు మూసిన బట్టల దుకాణం మెట్ల ముందు, పాత పంచాంగాల గుట్ట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు.

"సలాం పంతులుగారూ," అన్నాడు బాలకిషన్.

"మీరా! రండి రండి. ఇంతకీ మీరెవరో నేనడగనే లేదు."

"నేను శ్యామ్‌సుందర్ సేఠ్ దుకాణపోన్ని. ఫ్యాన్ పైసల కోసం వస్తున్న."

సోమయాజులు గారి ముఖం కొంతసేపు రంగులు మారింది. "మీరు వసూలు మనిషా? అలా అయితే అడగరేం?"

"కాఫీ తాగినంక ఎట్ల అడుగుదు?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ ఉన్నట్టు సోమయాజులు గారికి గుర్తు రాలేదు. "తల తిప్పని ఫ్యానుకు నేను పైసా ఇవ్వను," అని మాత్రం అన్నారు. బాలకిషన్ తలదించుకుని, సేఠ్ రాయించిన కాగితం జేబులోంచి తీసి ఇచ్చాడు. సోమయాజులు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"తొంభై అయిదా! తొంభై అయిదెక్కణ్ణుంచి వచ్చింది?"

"తిరుగుడు ఖర్చులు కలిపిన్రట."

"కలపడానికి వాళ్ళెవరు? ఇచ్చినవి పోనూ ఎనభై. అణా ఎక్కువ లేదు, అణా తక్కువ లేదు. కలం ఉందా?"

కలం ఉంది. సోమయాజులు గారు కాగితాన్ని పంచాంగాల గుట్ట మీద పరిచి, తొంభై అయిదు కొట్టేసి, ఎనభై వేసి, "నేను ఇవ్వవలసినది ఎనభై మాత్రమే" అని పక్కన రాసి, అలవాటైన చేతితో సంతకం పెట్టి, తేదీ వేసి, సిరా ఆరేలా రెండుసార్లు ఊది, గెలిచిన ముఖంతో తిరిగి ఇచ్చారు.

బాలకిషన్ ఆ కాగితం వంక చూశాడు. రేపటితో పోవాల్సిన బాకీ తన చేతిలో పచ్చి సిరాతో లేచి కూర్చుంది. ఉద్యోగం నిలిచింది, మోకాలు బతికింది. సైకిలెక్కి సేఠ్ ఇంటికి పోవడమే తరువాయి.

అప్పుడు చినుకులు మొదలయ్యాయి. పుస్తకాలవాడు తార్పాలిన్ కప్పేశాడు. "ఇంటిదాకా వచ్చి వెళ్ళండి," అన్నారు సోమయాజులు గారు, ఒక తప్పు దిద్దిన ఉత్సాహంలో. "మీరు తడిసి వెళ్ళారని తెలిస్తే మా ఆవిడ నన్ను బతకనివ్వదు."

నాంపల్లిలో ఇత్తడి గ్లాసు ఎప్పటిలా వచ్చింది. బాలకిషన్ పట్టుకున్నాడు. పెదాల దాకా తెచ్చి దించాడు. మళ్ళీ తెచ్చాడు, దించాడు.

"చక్కెర తక్కువైందా అన్నయ్యగారూ?" అంది సుబ్బరత్నమ్మ.

"లేదు చెల్లె. గొంతు దిగుతలేదు." గ్లాసు కింద పెట్టి, కాగితం తీసి సోమయాజులు గారి ముందు పరిచాడు. "పంతులుగారూ, రేపటితోని ఈ బాకీ సచ్చిపోతుండె. మీరు ఎనభై ఇయ్యాలెనని రాసి సంతకం పెట్టిన్రు గద, మళ్ళ మూడేండ్లు బతికింది. మీకు యాదికి లేక పెట్టిన్రు. గిది జేబుల పెట్టుకొని మీ ఇంట్ల కాఫీ తాగుడు నా తోని కాదు. చింపేయుర్రి."

"చింపేస్తే మీకేమవుతుంది?" అడిగిందావిడ.

"ఏమైతది, గోడౌన్ల పెట్టెలు మోస్త."

గదిలో ఫ్యాను గోడ వైపు తిరిగి గోడకే గాలి వేస్తోంది. సోమయాజులు గారు కాగితం చేతిలోకి తీసుకున్నారు. మూడేళ్ళ గడువు సంగతి ఆయనకు తెలియనిది కాదు. దానికోసమే ఆయన ఎదురుచూస్తున్నారు. రెండు చేతులతో కాగితం అంచులు పట్టుకున్నారు. చింపాలి, అంతే. చేతులు కదలలేదు. సంతకం పెట్టి, తేదీ వేసిన కాగితం! పాతికేళ్ళ నౌకరీలో అటువంటి కాగితాన్ని ఆయన దారానికి గుచ్చారే తప్ప చింపిన పాపాన పోలేదు.

"సంతకం పెట్టాక చింపడమేమిటండీ, నాన్సెన్స్!" అని కసిరారు. ఎవర్ని కసిరారో ఎవరికీ తెలియలేదు. "ఏమే, నా కోటు జేబులో పదిరూపాయల నోటుంది, తీసుకురా. నెలకో పది చొప్పున కడతాను. కాని ఫ్యాను తల తిప్పాలి. అది షరతు. కాగితం మీద రాస్తాను."

రాశారు. సంతకం పెట్టారు. తేదీ వేశారు. అది చూసుకున్నాకే బాలకిషన్ గ్లాసెత్తాడు. కాఫీ చల్లారిపోయింది. సుబ్బరత్నమ్మ లాక్కుని మళ్ళీ కాచింది.

ఆ సాయంత్రమే బాలకిషన్ ఫ్యానును సైకిలు వెనక కట్టుకుని అబిడ్స్ నడిపించుకుపోయాడు. లోపల పళ్ళ చక్రం ఒకటి విరిగి ఉందట. మర్నాడు దుకాణం తెరిచాక కొత్తది వేస్తే తల తిప్పింది. పదిరూపాయల నోటు, సంతకం కాగితం రెండూ ఒకేసారి చూసిన సేఠ్ వాటిని తన చేత్తోనే గల్లాపెట్టెలో పెట్టుకున్నాడు. గట్టి గొంతున్న మేనల్లుడు బేగంబజార్ గోడౌన్‌కు వెళ్ళాడు. అక్కడ ఆ గొంతు వినేవాళ్ళు లేక క్రమంగా తగ్గిందని వినికిడి.

అటుపైన ప్రతి నెలా మొదటి ఆదివారం నాంపల్లి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ముందు పదిరూపాయలు, తర్వాత రసీదు, ఆ తర్వాతే కాఫీ. ఈ వరస సుబ్బరత్నమ్మ పెట్టింది. ఎవరూ తప్పలేదు. ఆఖరి నెల పది ఇచ్చి, రసీదులో సోమయాజులు గారు తేదీ దిద్దారు. కాఫీలయ్యాక సుబ్బరత్నమ్మ చెంగు నులుముకుంటూ అంది:

"మీ దుకాణంలో కుట్టుమిషన్లు కూడా వాయిదాల మీద ఇస్తారటగా అన్నయ్యగారూ?"

బాలకిషన్ చుట్టూ చూసి, సేఠ్ గోడ వెనకున్నాడేమో అన్నట్టు గొంతు తగ్గించాడు. "వద్దు చెల్లె. నగదు ఉంటే కొనుర్రి. వాయిదాలంటే మళ్ళ నేనే రావాలె గద."

"అందుకేగా అడుగుతున్నది!"

సోమయాజులు గారు ఫ్యాను వంక చూశారు. అది అటూ ఇటూ, నిదానంగా, స్పష్టంగా తల అడ్డంగా ఊపింది. దాని మాట ఎవరూ పట్టించుకోలేదు.