ఖాళీ గంప

సూర్యలంక నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని బాపట్ల దాకా నడిచే ఆడవాళ్ళలో గంగరత్నాన్ని అందుకున్నవారు లేరు. పంతొమ్మిది వందల అరవైల నాటి మాట. గంప నీళ్ళు మెడ మీదికి కారుతున్నా ఆమె నోరు ఊరుకునేది కాదు. బాపట్లలో రోజూ తన దగ్గర చేపలు కొనే గౌస్ బీ గుమ్మం ముందు గంప దించి, కాసేపు కబుర్లాడితే గాని బేరం మొదలుపెట్టేది కాదు.

డెబ్భైల్లో ఒక ఏడు కొడుకు నాంచారయ్యకు సొంత పడవ అమరింది. పడవ ఉన్నవాడి తల్లి గంప మోస్తే ఆ పల్లెలో కొడుక్కి తలవంపులు.

"ఇంక కూచోవే అమ్మా. నేనున్నాగా," అన్నాడు.

ప్రేమగా అన్న మాటను ఎలా కాదంటుంది? గంపను చూరులో దోపేసింది.

ఆ ఏడే ఆమెకు నెలసరి ఆగిపోయింది. ఒళ్ళు బరువెక్కింది. బిందెడు నీళ్ళు తెస్తే ఆయాసం, గుండెదడ. "మీరు కదలకండత్తా," అంటూ కోడలు రత్తాలు మంచం దిగనిచ్చేది కాదు. కూచున్నకొద్దీ దడ పెరిగింది, దడ పెరిగినకొద్దీ ఇంకా కూచోబెట్టారు. ఇంత మంచివాళ్ళతో వేగడం ఎంత కష్టమో!

చివరికి కొడుకు సముద్రం మీద ఉండగా, రత్తాలే ఆమెను బస్సులో బాపట్ల తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బీపీ చూసి మాత్రలు రాసింది.

"నడక ఎందుకు మానేశావమ్మా? నెలసరి ఆగాక ఆడవాళ్ళ గుండెకి ఇంకా జాగ్రత్త కావాలి. రోజూ నడువు. మొదట కొంచెమే. బరువులు మాత్రం మోయకు."

మర్నాడు గంగరత్నం రోడ్డెక్కింది. "ఎక్కడికి పిన్నీ వట్టి చేతుల్తో? కోడలితో తగువా ఏంటి?" అని ఎదురైనవాళ్ళంతా ఆరా తీశారు. పని లేకుండా నడిచే ఆడదాన్ని ఆ పల్లె ఎరగదు మరి. సిగ్గేసి మానేసింది. ఆయాసం మళ్ళీ పట్టుకుంది. ఒక పొద్దున ఉండబట్టలేక, చూరులోని గంప తీసి ఖాళీగానే నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. ఒక్కరూ ఏమీ అడగలేదు!

ఆమెను అడగలేదు గాని, రేవులో నాంచారయ్యను దులిపేశారు. వాడు మండిపడుతూ ఇంటికొచ్చాడు.

"తల్లి చేత మళ్ళీ గంప మోయిస్తన్నానంట! నా పరువేం గానమ్మా?"

"నీ పరువు కోసం కూచుంటే నా గుండె ఆగేట్టుందిరా అయ్యా. నాకింకా బతకాలనుంది," అని గంగరత్నం బావురుమంది.

డాక్టరమ్మ అన్నదంతా రత్తాలు పూసగుచ్చినట్టు చెప్పింది.

మర్నాడు పొద్దున, పడవలు ఒడ్డుకొచ్చే వేళకు నాంచారయ్య తల్లిని వెంటబెట్టుకుని రేవుకు వచ్చాడు. నిండు గంపను ఎవరూ ఒంటరిగా ఎత్తుకోలేరు, పక్కవాళ్ళు చెయ్యి వేయాలి. ఖాళీ గంపకు ఆ అవసరమే లేదు. అయినా పల్లె పల్లెంతా చూస్తుండగా, అమ్మ తల మీద చుట్టకుదురు సర్ది, ఆ ఖాళీ గంపను రెండు చేతులా ఎత్తి పెట్టాడు.

"పదమ్మా," అన్నాడు. "నువ్వు గౌస్ బీ గుమ్మం దాకా నడిచే రోజు నేను చూడాల."