బోర్లా నేసిన నెమళ్లు

సిరిసిల్లలో కైలాసం ఇల్లెక్కడంటే చూపించనివాడుండడు. అరవై ఒక్కేళ్ల మనిషి. నలభై ఏళ్లుగా సాంచాలు బాగుచేస్తున్నాడు. మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. వీధి మొదట్లో నిలబడి చప్పుడు విని, లోపల ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. నోరు మాత్రం మంచిది కాదు. పని అయ్యేదాకా సాంచానూ తిడతాడు, సాంచా గల ఆసామినీ తిడతాడు.

అంతటి మనిషిని కన్నకూతురు బాలలక్ష్మి ఎనిమిది రోజులు చేతులు కట్టేసి కూర్చోబెట్టింది.

ఆమెకు నాలుగు సాంచాల షెడ్డుంది. తెల్లగుడ్డ నేస్తే గిట్టుబాటు కావడం లేదని కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం నేర్చుకుని, సూరత్ వ్యాపారి దగ్గర చైనా జకార్డు కొన్నది. సాంచా నెత్తిన కూర్చునే పెట్టె అది. గీసిన బొమ్మను బట్టి వేల దారాల్లో ఏది లేవాలో, ఏది ఆగాలో అదే చూసుకుంటుంది. మెట్‌పల్లి బట్టల వ్యాపారి వంశీధర్‌రావు పది రోజుల్లో నమూనా చీర తెమ్మన్నాడు. నచ్చితే ఏడాది పొడుగునా పని. లేకుంటే షెడ్డుకు తాళం వేసి బాలలక్ష్మీ, భర్త సాయిచంద్ మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు భివండీకి బండెక్కాలి. భివండీ అంటే కైలాసానికి తెలుసు. ఒక్క గదిలో పన్నెండు మంది, పగలు ఆరుగురు, రాత్రి ఆరుగురు పడుకునే చోట పంతొమ్మిదేళ్లు ఉండి వచ్చాడు. కూతురు ఆ గది చూడడం ఆయనకు చావుతో సమానం.

జకార్డు వచ్చింది. సూరత్ కుర్రాడొకడు బిగించి పోయాడు. స్విచ్ వేస్తే నాలుగు పోగులు పడగానే మూలిగి, ఎర్రదీపం వెలిగించి ఆగిపోతోంది. చైనా ఇంజనీరు వస్తాడన్నారు. ఎక్కడి రాక! ఎక్కడో మంచుకొండల మీద రెండు దేశాల సైనికులు కలబడ్డ నాటి నుంచి వాళ్ల ఇంజనీర్ల వీసాలు ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పాకుతున్నాయి. పోనీ ఫోన్‌లో అడుగుదామంటే, ఆ కంపెనీవాళ్లు మాట్లాడే యాప్‌ను మన దేశం ఎప్పుడో ఆపేసింది. ఢిల్లీకీ బీజింగుకూ పడకపోతే సిరిసిల్ల నేతగాడి నోట్లో మట్టి! దేశ రక్షణ పెద్ద విషయమే, కాదనం. కానీ ఆ కాగితాలు రాసిన మహానుభావుల్లో ఒక్కడికైనా సాంచా చప్పుడు తెలుసా?

"బాపు, నువ్వు ముట్టకు. వాళ్ల ఇంజనీరు రాకముందే ముడితే వారంటీ పోతదట," అన్నది బాలలక్ష్మి.

"ఇంజనీరు రాడు, వారంటీ పోదు. మనమే పోతం భివండికి," అన్నాడు కైలాసం.

తొమ్మిదో రోజు పొద్దున ఆమె షెడ్డు తాళంచెవులు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. కళ్లనిండా నీళ్లు. "నీ ఇష్టం బాపు," అన్నది.

కైలాసం బోల్టు విప్పలేదు. సాంచా చట్రం మీద అరచేయి ఆనించి స్విచ్ వేయమన్నాడు. మూలుగు విన్నాడు. మళ్లీ వేయించి మళ్లీ విన్నాడు.

"గిన్ని దారాలు ఒక్కపారే ఎందుకు లేస్తున్నయ్ బిడ్డా? దానికి నడుం పోతున్నది. బొమ్మ ఎట్ల గీసినవ్?"

"చీర మీద ఎట్ల కనబడాల్నో గట్లనే గీసిన."

కైలాసం తల కొట్టుకున్నాడు. భివండీలో తూట్ల అట్టలతో నడిచే పాత జకార్డుల మీద ఆయన ఎన్ని బుటా బొమ్మలు దించాడో! జరీ బొమ్మను ఎప్పుడూ బోర్లానే నేసేవారు. చీర ముఖం నేలవైపు, వెనుకవైపు పైకి. అప్పుడు లేవాల్సిన దారాలు కొన్నే. తెల్లగుడ్డ తప్ప నేయని పిల్లకు ఆ సంగతి తెలియదు. సూరత్ కుర్రాడు అడగలేదు.

"తెల్లది నల్లగ చెయ్, నల్లది తెల్లగ చెయ్. అంతే," అన్నాడు.

ఆమె కంప్యూటర్‌లో లేచే దారాలు ఆగేలా, ఆగేవి లేచేలా బొమ్మను తిరగేసి, పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టింది. స్విచ్ పడింది. మూలుగు లేదు. ఎర్రదీపం లేదు. సాంచా హాయిగా, తాళం తప్పకుండా ఆడింది. జానెడు గుడ్డ నేసేసరికి బాలలక్ష్మి ముఖం వాడిపోయింది. పైన కనిపించేదంతా చిక్కుపడ్డ జరీ పోగులే.

"ఖరాబైంది బాపు."

కైలాసం గోడకున్న అద్దం తీసి గుడ్డ కింద పెట్టాడు. "జర వంగి చూడు."

వంగింది. అద్దంలో రెండు బంగారు నెమళ్లు, ముక్కుకు ముక్కు ఆనించి. బాలలక్ష్మి నవ్వుతూ ఏడ్చింది. నోటి దురుసు కైలాసం కూడా కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

పదో రోజు సాయంత్రం మెట్‌పల్లిలో వంశీధర్‌రావు చీరను వెలుతురుకు పట్టి, వెనకా ముందూ తిప్పి, "ఇంజనీరు ఏ ఊరాయన?" అని అడిగాడు.

"మా బాపు," అన్నది బాలలక్ష్మి. ఏడాది పని ఒప్పుకుని షాపు మెట్లు దిగింది.

ఆ కబురు సూరత్‌కు పాకింది. వ్యాపారి స్వయంగా ఫోన్ చేశాడు. భివండీలో ఇలాంటివే పదకొండు జకార్డులు వీసాల కోసం ఎదురుచూస్తూ ఆగిపోయాయట. రైల్లో ఏసీ బెర్త్, హోటల్లో గది, ఏమడిగినా ఇస్తాం, రమ్మన్నాడు.

కైలాసం తనకొచ్చిన హిందీలో తాపీగా జవాబిచ్చాడు. తాను రానన్నాడు. నేర్చుకోవాలనుకుంటే భివండీ వాళ్లనే సిరిసిల్లకు పంపమన్నాడు.