వాలు లేని గీత

కోంటాలో పదకొండో తరగతి చదువుతున్న రోజులవి. y = 2 రేఖకు (3, 2) బిందువు గుండా లంబరేఖ సమీకరణం రాయమని సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. y = 2 వాలు సున్నా. సూత్రం ప్రకారం మైనస్ ఒకటిని సున్నాతో భాగించాలి. అది కుదరదు. సుద్దముక్కతో −1/0 అని రాసి, చేత్తో చెరిపేశాను. క్లాసంతా నవ్వింది.

నా స్నేహితురాలు సోమమ్మ మాత్రం నవ్వలేదు. వాళ్లది మరైగూడ వైపు; అక్కడ చనిపోయినవాళ్ల పేరున నిలువు రాయి పాతుతారు. తను తండ్రికి రాయి పాతి, ఆ రోజే బడికొచ్చింది.

"నేల పండుకొనున్నది, మా నాయిన రాయి నిలబడున్నది. దానికి వాలేడుంటదే? x = 3 అని పెట్టు" అంది మెల్లగా.

నవ్వులు ఆగిపోయాయి. నేను నిలువు గీత గీశాను. గంట కొట్టాక సార్ డస్టర్ తీసి, ఆ గీత తుడవకుండానే మళ్లీ బల్లమీదే పెట్టేసి వెళ్లిపోయారు.

ఇప్పుడు నేనే లెక్కలు చెబుతున్నాను. ఆ పాఠం రోజు మాత్రం నిలువు గీత తుడవడానికి నాకు చెయ్యి రాదు; బోర్డు పిల్లల చేత తుడిపిస్తాను.