మిగిలిపోయిన బోల్టు

మొన్న మా అల్లుడు తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఏ దేశంలోనో పొదల మధ్య తుప్పుపట్టి పడివున్న పాత లారీని ఒకే ఒక్క మనిషి ఇంటికి లాక్కొచ్చి, విప్పి, తోమి, రంగు వేసి, ఇరవై నిమిషాల్లో పెళ్ళికొడుకులా తయారుచేసి రోడ్డెక్కించేశాడు. ఇరవై నిమిషాలట! చూస్తున్నంతసేపూ నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క నట్టు జారి దొర్లిపోలేదు, ఒక్కసారి వేలు నలగలేదు, పక్కన నిలబడి సలహాలిచ్చే చుట్టం ఒక్కడూ లేడు. పైగా చివర్లో ఒక్క బోల్టు కూడా మిగల్లేదు. ఈ బాధ నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని రాస్తున్నాను, అల్లుడికి చెబితే నవ్వుతాడు.

కురిచేడు బడిలో నేను పంతులుగా కొత్తగా చేరిన రోజులవి. శనివారం సాయంత్రం రైలెక్కి మార్కాపురం వచ్చి, సోమవారం పొద్దున్నే తిరిగి పోయేవాణ్ణి. మా నాయనకూ పెదనాయనకూ ఉమ్మడిగా ఒక లారీ ఉండేది, ముందు మూతి పొడుచుకొచ్చిన పాతకాలపు బండి. గనుల నుంచి పలకరాయి, ఫ్యాక్టరీల నుంచి స్టేషనుకు పలకల పెట్టెలు, అన్నీ దాంట్లోనే ఏళ్ళ తరబడి నాయన తోలాడు. చక్కెర జబ్బుతో ఆయన చూపు పోయాక బండి ఇంటి పక్క ఖాళీ స్థలంలో నిలిచిపోయింది, ఆయనేమో అరుగు మీద కూలబడిపోయాడు. క్రమంగా మాటలు కూడా తగ్గిపోయాయి. ఆ స్థలంలో రేకుల షెడ్డు వేసుకోవాలి, బండిని పాత ఇనుముకు ఇచ్చేద్దామని పెదనాయన తొందరపెడుతుంటే నాయన ఒక్కటే అడిగాడు.

"ఈ దసరాకు దానికి పూజ చేసి, ఒక్కసారి ఇంజన్ చప్పుడు వింటా. ఆ తర్వాత నీ ఇష్టం అన్నా."

దసరాకు మూడు వారాల ముందు సంగతిది. నేను ఊరుకోవచ్చు కదా? పానా ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని వాణ్ణి, లేచి నిలబడి ఆ బండిని నేను నడిపిస్తానని అందరి ముందూ మాటిచ్చేశాను.

గిద్దలూరు రోడ్డులో నాయనకు పాత స్నేహితుడైన మెకానిక్ ఉండేవాడు, మేమంతా భాయ్ మామ అని పిలిచేవాళ్ళం. దసరా ముందు ఊళ్ళో లారీలన్నీ ఆయన షెడ్డు ముందే ఉంటాయి కనుక, పండుగ నాటికి వస్తాను, అంతవరకు ట్యాంకు మాత్రం కడిగి పెట్టుకో, ఇంకేమీ ముట్టుకోవద్దని చెప్పి పంపాడు. విన్నానా? ఇంజనుకు ఏదో పెద్ద జబ్బే ఉండి ఉంటుందని, చదువుకున్నవాణ్ణి కాబట్టి పద్ధతిగా విప్పితే పద్ధతిగా బిగించలేనా అని మొదలుపెట్టాను. నా పద్ధతి ఏమిటంటే, మా ఇంట్లో అంచులు విరిగిన పలకలకు కొదవ లేదు కనుక, విప్పిన ప్రతి భాగానికీ ఒక పలక పెట్టి, అది ఎక్కడిదో, ఎన్నోదో బలపంతో రాసి, దాని నట్లూ బోల్టులూ ఆ పలక మీదే పేర్చాను. రెండు ఆదివారాలు గడిచేసరికి వసారా నిండా పలకలే. దారిన పోయేవాళ్ళంతా ఆగి తలా ఒక సలహా ఇచ్చేవారు, పెదనాయన కుర్చీ వేసుకుని కూర్చుని నేను విప్పే ప్రతి నట్టుకూ నిట్టూర్చేవాడు. విసుగుతో నూరి నూరి నా పళ్ళు అరిగిపోయాయి గాని పని మాత్రం సాగింది.

మూడో శనివారం నేను వచ్చేసరికి వసారా అద్దంలా మెరుస్తోంది. పలకలన్నీ తళతళలాడుతూ గోడకు ఆనించి ఉన్నాయి. బోల్టులన్నీ ఒక బకెట్లో ఉన్నాయి. నేను పెట్టిన కేకకు వీధి చివరి వాళ్ళు కూడా బయటికొచ్చారు.

"ఏందిరా ఆ అరుపులు? చిన్నమ్మ వాళ్ళు పండగకు వస్తున్నారని ఇల్లు సర్దినా. పలకలకంతా గ్రీజు పట్టినాది, కడిగి పెట్టినా. అదీ తప్పేనా?" అంది అమ్మ.

ఇంక నాలుగు రోజుల్లో పూజ. నేను తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను, నిజం చెప్పాలంటే ఏడ్చాను కూడా. అప్పుడు అరుగు మీద నుంచి నాయన గొంతు వినిపించింది.

"అట్ల ఏడిస్తే ఏమొస్తాదిరా? ఆ బకెట్టు ఇట్ల తే. ఒకటొకటిగా నా చేతిలో పెట్టు."

పెట్టాను. ఆయన ప్రతిదాన్నీ బొటనవేలితో తడిమి, మర వైపు గోరు ఆనించి చూసి, ఇది హెడ్డుది, ఇది పంపుది, ఇది కొనకనమిట్ల దగ్గర వానలో విరిగితే మార్చింది అంటూ చెప్పుకుంటూ పోయాడు. నేను మళ్ళీ పలకల మీద రాసుకున్నాను. బడికి ఎలాగూ దసరా సెలవులే కనుక, ఆయన చెప్పినట్టల్లా బిగించాను. అంతా అయ్యాక బకెట్టు అడుగున ఒక్క బోల్టు మిగిలింది. దాన్ని నాయన చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పి, "ఇది మాత్రం తెలీడం లేదురా, నువ్వే ఆలోచించు" అన్నాడు.

పూజ రోజు భాయ్ మామ బ్యాటరీ మోసుకుని వచ్చాడు. సంగతి విని నోరు తెరిచాడు.

"ఇంజన్ ఎవరు ఇప్పమన్నారు అబ్బాయ్ నిన్ను? డీజిల్ పైపులో గాలి దూరింటాది, అంతే కదా!"

అంతే. పైపులోని గాలి తీసేసి, ఐదు నిమిషాల్లో స్టార్టు చేశాడు. నాకు నవ్వాలో, పానాతో నా తల నేనే కొట్టుకోవాలో తెలియలేదు. నాయన మాత్రం బానెట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు, ఆయన భుజాలు ఇంజనుతో పాటే అదిరాయి. చక్రాలతో నిమ్మకాయలు తొక్కుకుంటూ వీధి చివరి దాకా పోయి, అక్కడ ఆగిపోయింది ఆ మొండి బండి. మళ్ళీ కదల్లేదు. మాట ప్రకారం పెదనాయన దాన్ని ఇనుముకు ఇచ్చేశాడు.

తర్వాత ప్రతి ఆదివారమూ నేను ఆ బోల్టు తీసి, సీటు కిందిదా, మడ్‌గార్డుదా అని నాయనను అడిగేవాణ్ణి. కాదురా అని, ఆ సీటు సంగతో ఆ మడ్‌గార్డు సంగతో మొదలుపెట్టి, కొమరోలు దారిలో గుంతల దాకా, గనిలో పలకరాయి ఎత్తిన కూలీల దాకా పూటంతా చెప్పేవాడు. ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు కదా అని నేను విసుక్కునేవాణ్ణి. అన్ని బోల్టులనూ గోటితో గుర్తుపట్టిన మనిషికి అదొక్కటే ఎందుకు తెలియలేదన్న అనుమానం, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు గాని నాకు రాలేదు.

ఇప్పుడు మా వీధిలో పలక ఉన్న ఇల్లు లేదు, పిల్లలు బలపం పట్టగా నేను చూసి ఎన్నేళ్ళయిందో. మొన్న వీడియో అయ్యాక సొరుగులోంచి ఆ బోల్టు తీసి చూపిస్తే, ఫోటో తీస్తే ఫోనే చెప్పేస్తుంది మామయ్యా, ఏ బండిదో, ఎక్కడ బిగించేదో అన్నాడు అల్లుడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. బోల్టు లాక్కుని సొరుగులో పెట్టేశాను. అది ఎక్కడిదో తెలిసిపోతే, నాయనను అడగడానికి నాకింకేం మిగులుతుంది?