ముందు మనిషి తినాలట

టైగరుకి ఆకలి జబ్బు పట్టుకున్నది నా చిన్నప్పుడు, మా నాన్న పోయిన ఏడాది.

అప్పుడు మేం మల్కాపురంలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. నేను పుట్టకముందే ఆయన ఒక వానరోజున చొక్కా లోపల దాచి తెచ్చిన కుక్కపిల్ల టైగరు. నాకు ఊహ తెలిసేసరికే దాని మూతి నెరిసిపోయింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి సైకిలుకి స్టాండు వేసిన చప్పుడు వినగానే లేచి ఎదురెళ్లేది. ఆయన కేరేజీలో దానికోసం మిగిల్చి తెచ్చింది తిని మళ్లీ అరుగు కింద పడుకునేది. అంతకుమించి ఎవరినీ ఏదీ అడిగేది కాదు.

ఒకరోజు పొద్దున్నే నాన్న డ్యూటీకి బయల్దేరబోతూ, గుండెల్లో నొప్పిగా ఉందని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

దినవారాలు అయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఆనందపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన మా తాతయ్య, అంటే అమ్మవాళ్ల నాన్న, పొలం తమ్ముడికి అప్పజెప్పి మా దగ్గరే ఉండిపోయాడు. ఉండిపోక తప్పలేదు. అమ్మ తినడం మానేసింది. నాకు వండి పెట్టేది, జడ వేసేది, బడికి పంపేది. తన కంచం మాత్రం బోర్లించింది బోర్లించినట్టే ఉండేది. టీనీళ్లు తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. మణికట్టు మీద గాజులు లేని చోట ఎముక తేలింది.

టైగరుది అందుకు పూర్తిగా వ్యతిరేకం. తిన్న మూతి ఆరకముందే మళ్లీ వచ్చి నిలబడేది. గంజి గిన్నె నాకి నాకి దొర్లించుకుపోయేది. కూరల తొక్కలు, చేపలు చుట్టి తెచ్చిన కాగితం, ఆఖరికి మసిగుడ్డ కూడా నమిలింది. అన్నం కుండ మీద తాతయ్య రాయి పెట్టాల్సి వచ్చింది. ఒళ్లు ఉబ్బి, వెనక కాళ్లు వణికేవి. అయినా గుమ్మం గుమ్మానికీ వెళ్లి అడుక్కునేది.

పక్కింటి మామ్మ ఒకసారి అననే అంది. "ఏటి కుక్కే ఇది, యజమాని పోయి నెల తిరగనేదు, దీనికి తిండి యావ పోనేదు."

అమ్మ విన్నది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ మర్నాడే తాతయ్య టైగరుని రిక్షాలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దాని తల పట్టుకోవడానికి నేనూ వెళ్లాను. డాక్టరు దాని పొట్ట నొక్కి, కళ్లు చూసి, ముసలితనంలో వచ్చే జబ్బని చెప్పాడు. కడుపు నిండినా నిండినట్టు దానికి తెలియదట. అడిగినంతా పెడితే గుండె మోయలేదట. అన్నం తగ్గించి, ఆనపకాయో దోసకాయో ఉప్పు లేకుండా ఉడికించి కలిపి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టమన్నాడు. వెడల్పాటి పళ్లెంలో మధ్యన ఒక గుండ్రాయి పెట్టి చుట్టూ పరిస్తే గబగబా మింగకుండా నెమ్మదిగా తింటుందన్నాడు. ఆయన చెప్పింది అంతే. నేను పక్కనే ఉన్నాను.

ఇంటికొచ్చాక తాతయ్య అమ్మకి అదంతా చెప్పి, చివర్న ఒక మాట కలిపాడు.

"ఇంకోటుందమ్మా. ముందు మనిసి తినాలట, అది సూడాలట. ఆ తర్వాతే దానికి ఎట్టాలట. అలాగైతేనే దానికి ఓపిక వత్తాదట."

నేను తాతయ్య మొహం చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

పళ్లెంలో టైగరు తిండి కలిపి తన ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మ ముందు ఒక చిన్న ముద్ద, చారన్నం. టైగరు వాళ్లిద్దరి మధ్యలో కూర్చుంది. దాని నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా వణుకుతోంది. సన్నగా మూలగడం మొదలుపెట్టింది.

"దానికి పెట్టీ నాన్నా, నాను సూడలేకపోతన్నాను."

"నువ్వు ముద్ద తినమ్మా, పెడతాను. డాక్టరు మాట కాదనకూడదు."

అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది. మింగేటప్పుడు కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. తాతయ్య పళ్లెం కింద పెట్టాడు.

అలా రోజంతా, టైగరు వచ్చి అడిగిన ప్రతిసారీ కాకపోయినా, దానికి పెట్టాల్సిన ప్రతిసారీ అమ్మ ఏదో ఒకటి తినాల్సి వచ్చేది. ఒక ఇడ్లీ ముక్క, అరటిపండు, రెండు ముద్దలు. కొన్నాళ్లకి తాతయ్య గుర్తు చేయకుండానే ఆనపకాయ చెక్కు తీసి కూర్చునేది.

నేను ఒకసారి అడిగాను, డాక్టరు చెప్పని మాట ఎందుకు చెప్పావని. తాతయ్య చుట్ట ఆర్పి, నెమ్మదిగా అన్నాడు.

"దాని ఆకలి మనం తీర్సలేం అమ్మడూ. మీ అమ్మకి ఆకలి తెప్పించలేం. ఇద్దర్నీ ఓ దగ్గర కూసోబెట్టగలం, అంతే."

వానలు పడే రోజుల్లో టైగరు వెనక కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఆకలి మాత్రం తగ్గలేదు. పడుకున్న చోటు నుంచే తల ఎత్తి మా చేతుల వైపు చూసేది. ఒక పొద్దున్న అమ్మ తాను తిని పళ్లెం పెట్టింది. టైగరు వాసన చూసి మొహం పక్కకి తిప్పుకుంది. అది తిండి వద్దనడం మేం అంతవరకూ చూడలేదు. మధ్యాహ్నం కాకముందే అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పోయింది.

నాన్న పోయినప్పుడు కూడా అమ్మ అంత గట్టిగా ఏడవలేదు.

"ఒక్కరోజైనా కడుపునిండా పెట్టనేదు నాన్నా. అడగతానే పోయింది. ఆయన పెంచుకున్న కుక్క, ఆకలితోనే పోయింది."

తాతయ్య పెరట్లో గొయ్యి తీసి వచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింటి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రోజు ఆయనకి ఒక్క మెతుకు కూడా తినాలని లేదని నాకు తెలుసు.

"నాకు ఆకలేత్తందమ్మా. కాస్త వడ్డించు," అన్నాడు.

అమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. ఆయనకి వడ్డించి, తనకీ కాస్త పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు. ఎవరూ ఎవరినీ తినమని అనలేదు.

ఇప్పుడు తాతయ్యా లేడు, అమ్మా లేదు. నాకూ జుట్టు పండింది. చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మీరు తినాలి, ధైర్యంగా ఉండాలి అని నేను ఎవరికీ చెప్పను. మొన్న ఉక్కునగరంలో, భర్త పోయిన ఒకామె దగ్గరికి వెళ్లాను. మూడు పూటలుగా ఏమీ ముట్టలేదని కూతురు నా చెవిలో చెప్పింది. ఆమె పక్కన చాలాసేపు కూర్చున్నాను.

"పొద్దున్న ఎప్పుడో తిన్నానమ్మా, ఆకలిగా ఉంది," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. కాసేపటికి కొంగు సర్దుకుని లోపలికి వెళ్లింది. వంటింట్లోంచి కంచాలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. రెండు కంచాలు.